చూరు కింద చరిత్ర

2007 జూన్‌లో న్యూయార్క్‌లో క్రిస్టీస్ సంస్థ ఒక ఇంటిని వేలం వేసింది. ఆ ఇంటికి స్థలం లేదు, పట్టా లేదు, ప్రహరీ లేదు. ఉన్నదల్లా అల్యూమినియం పలకలు, మడిచిన ఉక్కు రేకుతో చేసిన దూలాలు, గుండ్రటి నీలి అద్దాలు బిగించిన తలుపులు. వాటిని ఎక్కడి నుంచో విప్పి తెచ్చి, ఊళ్ళో ఒక ఖాళీ స్థలంలో మళ్ళీ బిగించి నిలబెట్టారు. ఒక హోటళ్ళ వ్యాపారి 50 లక్షల డాలర్లకు కాస్త తక్కువ ధరకి కొనుక్కున్నాడు.

ఆ 'ఎక్కడో' ఆఫ్రికా. కాంగో నది ఒడ్డున ఉన్న బ్రాజవిల్ నగరం. 1951లో అక్కడ ఆ ఇంటిని నిలబెట్టినవాడు ఝాన్ ప్రూవే. ఫ్రాన్స్‌లోని నాన్సీ పట్టణంవాడు, ఇనుము కొట్టడం నేర్చుకుని డిజైనర్ అయినవాడు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక ఫ్రెంచి వలసల్లో అధికారులు ఉండటానికి ఇళ్ళు చాలలేదు. ఇక్కడ ఫ్యాక్టరీలో భాగాలు తయారుచేసి, విమానంలో పంపి, అక్కడ బోల్టులు బిగిస్తే సరిపోతుందని ప్రూవే ఆలోచన. ఇద్దరు మనుషులు మోయగలిగినంత బరువులోనే ప్రతి భాగమూ ఉండాలన్నది ఆయన పెట్టుకున్న నియమం. ఆ ఇంటి పేరు 'మేజోఁ ట్రోపికాల్'. అంటే ఉష్ణమండలపు ఇల్లు.

మొత్తం మూడు కట్టారు. 1949లో నైజర్‌లోని నియామేలో ఒకటి, 1951లో బ్రాజవిల్‌లో రెండు. అంతే, అక్కడితో ఆగిపోయింది. స్థానికంగా కట్టే ఇంటికన్నా ఇది చవకేమీ కాలేదు. పైగా ఆ ఫ్యాక్టరీ వాలకం అధికారులకే నచ్చలేదు. యాభై ఏళ్ళ తర్వాత ఒక పారిస్ వ్యాపారి వచ్చి మూడింటినీ విప్పి పట్టుకుపోయేనాటికి బ్రాజవిల్ ఇంటి పలకలకు అంతర్యుద్ధంలో తగిలిన తూటాల కంతలున్నాయి. మొజాంబిక్‌లో పుట్టిన కళాకారిణి ఆంజెలా ఫెరేరా ఆ తర్వాత అక్కడికి వెళ్ళి, ఇళ్ళు పోయాక మిగిలిన ఉత్త పునాదులను ఫొటోలు తీసింది.

ఈ కథను 'వలసవాదుల అహంకారం' అని ఒక్క మాటలో తేల్చేయొచ్చు. కానీ ఆ ఇల్లు తెలివితక్కువ ఇల్లేం కాదు. చుట్టూ వసారా. వసారాకి ఎండ కోసం తిప్పుకునే అల్యూమినియం రెక్కలు. పైకప్పు రెండు పొరలు. మధ్యలో వేడెక్కిన గాలి నడినెత్తిన ఉన్న సందులోంచి పైకి పోతుంది. జరుపుకునే గోడలు. ఇవాళ 'సస్టెయినబుల్ ట్రాపికల్ హోమ్' అని ఏ ఆర్కిటెక్చర్ పత్రిక తిరగేసినా కనిపించే లక్షణాలు దాదాపు అన్నీ 1949లోనే అందులో ఉన్నాయి. మరి ఎందుకు నిలవలేదు?

ఆ ప్రశ్న పట్టుకుని వెళ్తే ఢిల్లీ, కాండీ, కొలంబో, తిరువనంతపురం తగుల్తాయి. చివరికి మన డాబా దగ్గరికి వస్తాం.

ఉష్ణమండలం ఒకటి కాదు

ప్రూవే ఇంట్లో మొదటి చిక్కు దాని పేరులోనే ఉంది. నియామే సహారా అంచున ఉన్న ఊరు. ఏడాదిలో ఎక్కువ భాగం గాలి పొడిగా ఉంటుంది, పగలు మాడ్చేస్తుంది, రాత్రికి కాస్త చల్లబడుతుంది. బ్రాజవిల్ భూమధ్యరేఖకు దగ్గర. తేమ, వాన, రాత్రి కూడా తగ్గని ఉక్క. ఈ రెండు చోట్లకీ ఒకే నమూనా వెళ్ళింది. పారిస్ నుంచి చూస్తే రెండూ 'ట్రోపికాలే'.

పొడి వేడికి మందపాటి గోడ కావాలి. పగలంతా వేడిని గోడ తాగుతుంది, లోపలికి వచ్చేసరికి రాత్రవుతుంది, అప్పుడు కిటికీలు తీసేస్తే సరి. పగలు మూసి ఉంచాలి, లేకపోతే వడగాలి ఇంట్లోకొస్తుంది. తడి వేడికి మందపాటి గోడ దండగ. రాత్రి చల్లబడదు కాబట్టి గోడ దాచుకున్న వేడి ఎక్కడికీ పోదు. అక్కడ కావాల్సింది ఒంటి మీద గాలి ఆడటం. అంటే ఒక గది మందం ఉన్న ఇల్లు, ఎదురెదురు కిటికీలు, వాన జల్లు లోపలికి కొట్టకుండా కిటికీని ఎప్పుడూ తెరిచి ఉంచుకోగలిగేంత ముందుకొచ్చిన చూరు. మనకిది కొత్తేం కాదు. రాయలసీమ మట్టి మిద్దెకీ, గోదావరి జిల్లాల పెంకుటింటికీ తేడా ఇదే.

ఈ తేడాని పాఠంగా మార్చినవాళ్ళలో ముఖ్యుడు ఒట్టో కోనిగ్స్‌బర్గర్. బెర్లిన్‌లో పుట్టి, హిట్లర్ వచ్చాక దేశం వదిలి, 1939లో మైసూరు సంస్థానానికి ప్రభుత్వ ఆర్కిటెక్ట్‌గా వచ్చాడు. స్వాతంత్ర్యం వచ్చాక కేంద్ర ప్రభుత్వంలో గృహనిర్మాణ డైరెక్టర్ అయ్యాడు. దేశ విభజనతో లక్షలమంది కాందిశీకులు. వాళ్ళకి ఇళ్ళు తొందరగా కావాలి. ఢిల్లీలో ఇళ్ళ ఫ్యాక్టరీ పెట్టారు. కాంక్రీటు పలకలు పోతపోసి తీసుకెళ్ళి జోడిస్తే ఇల్లన్నమాట. ఆ పలకలు పగుళ్ళిచ్చాయి. పార్లమెంటులో గొడవైంది. 1951లో ఆయన లండన్ వెళ్ళిపోయాడు.

లండన్‌లో ఆర్కిటెక్చరల్ అసోసియేషన్ కాలేజీ 1954లో ట్రాపికల్ ఆర్కిటెక్చర్ విభాగం మొదలుపెట్టింది. 1957 నుంచి దాన్ని నడిపింది కోనిగ్స్‌బర్గరే. ఆయనా, ఆయన సహచరులూ పట్టికలు తయారుచేశారు. ఒక ఊరి నెలవారీ ఉష్ణోగ్రత, తేమ, వాన వివరాలు అందులో నింపితే ఇల్లు ఏ దిక్కు చూడాలి, కిటికీలు ఎంత ఉండాలి, గోడ ఎంత మందం ఉండాలి అన్నవి బయటికొస్తాయి. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాడికి అది చూస్తే ముచ్చటేస్తుంది. కంప్యూటర్ లేని అల్గారిథమ్ అది. ఆయన బృందం రాసిన మాన్యువల్ ఇప్పటికీ మన ఆర్కిటెక్చర్ విద్యార్థుల చేతుల్లో కనిపిస్తుంది.

కానీ ఆ పట్టికలో ఒక గడి లేదు. ఈ ఊళ్ళో చేయి తిరిగిన మేస్త్రి ఎవరు, కూలి ఎంత, పదేళ్ళ తర్వాత పైకప్పు కారితే ఎవరొస్తారు? ఢిల్లీ పలకలు పగిలింది వాతావరణం అర్థంకాక కాదు. కొత్త పద్ధతిని పట్టుకోగలిగిన చేతులు చుట్టూ లేనప్పుడు దాన్ని తెచ్చి దించడం వల్ల అని నేననుకుంటాను.

చాపలు నేసేవాళ్ళు

బెంగళూరులో కోనిగ్స్‌బర్గర్ దగ్గర పనిచేసిన వాళ్ళలో సిలోన్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉంది. పేరు మినెట్ డిసిల్వా. ముల్క్ రాజ్ ఆనంద్ బొంబాయిలో 1946లో 'మార్గ్' పత్రిక మొదలుపెట్టినప్పుడు ఆ బృందంలో ఆవిడా, అక్క అనిలా ఉన్నారు. 1948లో బ్రిటిష్ ఆర్కిటెక్టుల సంస్థలో అసోసియేట్‌గా ఎన్నికైన తొలి ఆసియా మహిళ మినెట్.

సిలోన్‌కి తిరిగొచ్చి 1949లో కాండీ కొండవాలు మీద కరుణరత్న అనే కుటుంబానికి ఇల్లు మొదలుపెట్టింది. ప్రూవే ఇల్లు నియామేలో దిగిన ఏడాదే అది. కాంక్రీటు స్తంభాలు, వాలుని బట్టి దిగే అంతస్తులు, పెద్ద తెరుపులు చూస్తే పూర్తిగా ఆధునికమే. కానీ లోపలి పలకల కోసం దుంబర చాపలు నేసే కుటుంబాల దగ్గరికి వెళ్ళింది. లక్కపని చేసేవాళ్ళని పిలిచింది. అలంకారం కోసమే అయితే కొట్లో కొని గోడకి తగిలించొచ్చు. ఆవిడ వాళ్ళ పనిని ఇంటి ఒంట్లో భాగం చేసింది. బతికున్న పనితనం ఏమేం ఉందో ముందు చూసుకుని, దాన్నిబట్టి ఆధునికమైన ఇల్లు గీయడం ఆవిడ పద్ధతి.

చరిత్ర ఆవిడకి పెద్దగా తిరిగి ఇచ్చిందేమీ లేదు. కట్టిన ఇళ్ళు కొన్ని కూల్చేశారు, కొన్ని శిథిలమయ్యాయి. 1998లో కాండీలో, పెద్దగా ఎవరికీ పట్టని స్థితిలో చనిపోయింది. ఆత్మకథ లాంటి పెద్ద పుస్తకం అచ్చయి వచ్చేసరికి ఆవిడ లేదు. పేరంతా తన వెనకాల వచ్చిన జెఫ్రీ బావాకి దక్కింది.

బావాకి దక్కడం అన్యాయం అనను. ఆయన కేంబ్రిడ్జిలో ఇంగ్లీషు సాహిత్యం చదివాడు, లాయరయ్యాడు. 1948లో బెంతోట దగ్గర చెరువు గట్టున పాడుబడ్డ రబ్బరు తోట కొన్నాడు. దాని పేరు లునుగంగ. దాన్ని తోటగా, ఇల్లుగా మలచాలనుకున్నాక చేతిలో విద్య లేదని తెలిసొచ్చింది. అప్పుడు వెళ్ళి ఆర్కిటెక్చర్ చదివి, 1957లో 38 ఏళ్ళ వయసులో పట్టా తెచ్చుకున్నాడు. ఒక పల్లె ఇల్లు కావాలన్న కోరిక మనిషిని ఆర్కిటెక్ట్‌ని చేసింది.

1960ల్లో సిలోన్‌లో విదేశీ మారకద్రవ్యం లేదు. దిగుమతుల మీద గట్టి ఆంక్షలు. ఉక్కు, గాజు, బాత్రూమ్ సామాను ఏదీ తేలిగ్గా దొరకదు. చేతికందేది ఇటుక, సున్నం, రాయి, కలప, కుండలు చేసే మట్టితో కాల్చిన గూన పెంకులు. బావా ఇళ్ళల్లో మనం ఇవాళ 'సస్టెయినబుల్' అని మురిసిపోయేదాంట్లో చాలా భాగం ఈ కరువులోంచి వచ్చింది. గాజు దొరకదు కాబట్టి కిటికీ స్థానంలో ముంగిలి. కొలంబోలో 1962 నాటికి పూర్తయిన ఈనా డిసిల్వా ఇల్లు అలాంటిదే. బయటికి గోడ, లోపల మధ్యలో ఆకాశం. సింహళంలో దాన్ని 'మేద మిదుల' అంటారు. మన మండువాకి దగ్గరి చుట్టం.

గూన పెంకు కారుతుంది, కోతులు తొక్కితే జరుగుతుంది. బావా ముడతల సిమెంటు రేకులు పరిచి వాటి మీద పెంకులు పేర్చాడు. రేకు నీటిని ఆపుతుంది, పెంకు ఎండని ఆపుతుంది. ప్రూవే రెండు పొరల కప్పు చేసిన పనే, ఊళ్ళో దొరికేదాంతో. అయితే ఒక మాట చెప్పుకోవాలి. ఆ రోజుల సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. దాని పొడి ఊపిరితిత్తులకి ఏం చేస్తుందో ఇప్పుడు తెలుసు. పాత పద్ధతి అనగానే మంచిదీ కాదు, చేతిపని అనగానే పవిత్రమూ కాదు.

పల్లె ఇంటి విషయంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పోలొంతలావ. ఒక స్విస్ కంపెనీ తోటల మేనేజరు కోసం బావా, డెన్మార్క్ నుంచి వచ్చిన ఆయన భాగస్వామి ఉల్రిక్ ప్లెస్నర్ 1960ల నడుమ కట్టారు. ఇద్దరూ పెద్ద పెద్ద గుండ్రాళ్ళ మధ్య చోటు ఎంచుకున్నారు. కర్రలు పాతి, తాళ్ళు కట్టి, ఇంటిని నేల మీదే గీశారు. రాళ్ళని పగలగొట్టలేదు. కొన్నిచోట్ల రాయే గోడ, రాయే స్తంభం. ఆ ఇంటిని విప్పి న్యూయార్క్ తీసుకెళ్ళడం కుదరదు.

ఎవరు ఊడుస్తారు?

ఇక్కడ ఆగి ఒక ఇబ్బందికరమైన ప్రశ్న వేసుకోవాలి. తెరిచి ఉన్న ఇంట్లోకి గాలి ఒక్కటే రాదు. దుమ్మొస్తుంది, ఆకులొస్తాయి, దోమలు, వాన జల్లు, అప్పుడప్పుడూ పాము. ముంగిలి రోజూ ఊడవాలి. చెక్కకి నూనె రాయాలి. పెంకులు ఏడాదికోసారి సర్దాలి. ఫొటోల్లో ఖాళీగా, ప్రశాంతంగా కనిపించే వసారాలో ఫొటోకి ముందు ఎవరో ఊడ్చి వెళ్ళారు. సామాన్యంగా ఆ మనిషి ఫొటోలో ఉండదు.

బంగళాల కాలం నుంచీ ఇదే తీరు. 19వ శతాబ్దంలో దొరగారి ఇంట్లో పంకా ఆడేది. వసారాలో కూర్చుని తాడు లాగేవాడికి చెమట పట్టేది. కరెంటు లేకుండా నడిచిన ఇల్లే అది. దాన్ని సస్టెయినబుల్ అనగలమా? కర్బనం లెక్కలో సున్నా. మనిషి లెక్కలో కాదు.

అందుకే ప్రూవే ఇంటిని పూర్తిగా కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. మనిషి చాకిరీని మిషన్‌కి ఇద్దామన్న ఆశ అందులో ఉంది. అయితే ఆ ఇల్లు పాడైతే బాగుచేసే చేయి వేల మైళ్ళ దూరాన ఉంది. బావా ఇంటికి ఆ చేతులు పక్క ఊళ్ళోనే ఉన్నాయి, కానీ వాటి వెల చాలా తక్కువగా కట్టారు. ఒకటి దూరం సమస్య, ఇంకోటి కూలి సమస్య. ఈ రెండింటినీ కలిపి లెక్క కట్టినవాడు కేరళలో ఉన్నాడు.

మేస్త్రి లెక్క

లారీ బేకర్ 1917లో బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. కుష్ఠు రోగుల ఆసుపత్రుల పని మీద 1945లో మన దేశం వచ్చాడు. బొంబాయిలో గాంధీని కలిశాడు. ఇంటికి కావాల్సిన సామగ్రి అయిదు మైళ్ళ లోపు దొరకాలన్న గాంధీ మాటని జీవితాంతం చెప్పుకున్నాడు. హిమాలయాల్లో పిథోరాగఢ్‌లో 16 ఏళ్ళు ఉండి, తర్వాత భార్య ఎలిజబెత్ సొంత రాష్ట్రం కేరళ వచ్చాడు. ఆర్థికవేత్త కె.ఎన్. రాజ్, ముఖ్యమంత్రి అచ్యుత మీనన్ ప్రోత్సాహంతో 1970ల మొదట్లో తిరువనంతపురంలో సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ కట్టాడు.

బేకర్ చేసినవి వినడానికి చిన్న చిన్న మార్పులు. ఇటుకల్ని పడుకోబెట్టకుండా అంచుమీద నిలబెడితే తొమ్మిదంగుళాల గోడ మధ్యలో ఖాళీ మిగుల్తుంది. ఇటుకలు దాదాపు నాలుగో వంతు ఆదా, ఆ ఖాళీ వేడిని అడ్డుకుంటుంది కూడా. దీన్ని ర్యాట్ ట్రాప్ బాండ్ అంటారు. శ్లాబు అడుగు భాగంలో కాంక్రీటు మోసేది తక్కువ, లాగుడు బరువంతా ఊచలదే. అక్కడ కొంత కాంక్రీటు తీసేసి, పాత బంగాళా పెంకులు పెడితే సిమెంటు తగ్గుతుంది. కిటికీకి చట్రం, రెక్క, అద్దం, ఊచ అన్నీ ఖర్చే. ఇటుకల మధ్య కంతలు వదిలి జాలీ గోడ కడితే వెలుతురు, గాలి, భద్రత మూడూ వస్తాయి.

అసలు లెక్క వేరే ఉంది. సిమెంటు, ఉక్కు మీద పెట్టే డబ్బు ఊరు దాటిపోతుంది. కూలి మీద పెట్టే డబ్బు ఊళ్ళోనే ఉంటుంది. అందుకని సామగ్రి తగ్గించి, చేతిపనికి ఎక్కువ ఖర్చుపెట్టడమే మేలని బేకర్ వాదన. జాలీ గోడకి సమయం పడుతుంది, నైపుణ్యం కావాలి. మేస్త్రికి ఎక్కువ రోజులు పని దొరుకుతుంది. బేకర్ కాంట్రాక్టర్‌ని పెట్టుకోకుండా తనే సైట్‌లో నిలబడి, వాడేసిన కాగితాల వెనక బొమ్మ గీసి మేస్త్రికి చూపించేవాడు. ఆ తర్వాత అవన్నీ చేత్తో గీసి, చేత్తో రాసి చిన్న పుస్తకాలుగా వేయించాడు. ఎవరైనా చదువుకోవచ్చు, ఎవరైనా కట్టుకోవచ్చు. మా భాషలో చెప్పాలంటే ప్రూవే పంపింది ప్యాక్ చేసిన ప్రోగ్రామ్, బేకర్ ఇచ్చింది సోర్స్ కోడ్.

ఆయన 2007 ఏప్రిల్ 1న చనిపోయాడు. రెండు నెలల తర్వాత ప్రూవే ఇల్లు న్యూయార్క్‌లో వేలానికొచ్చింది.

బేకర్‌కీ సమాధానం దొరకని చోటు ఒకటుంది. 'తక్కువ ఖర్చు ఇల్లు' అనగానే 'పేదవాళ్ళ ఇల్లు' అని వినిపిస్తుంది. డబ్బు లేనివాడు తనకూ శ్లాబే కావాలంటాడు. అతని వైపు నుంచి చూస్తే అది మొండితనం కాదు.

మన డాబా

1977 నవంబర్ 19న దివిసీమని ఉప్పెన ముంచింది. వేలమంది పోయారు. తాటాకు ఇళ్ళు, మట్టి గోడలు ఆనవాలు లేకుండా కొట్టుకుపోయాయి. ఉప్పెన లేని ఏళ్ళలో వేసవి నిప్పు ఉండేది. ఒక ఇల్లు అంటుకుంటే వీధి వీధంతా బూడిద. తాటాకు రెండు మూడేళ్ళకోసారి మార్చాలి. ఆ పనికి అప్పు చేయాలి. అలా బతికినవాళ్ళకి డాబా అంటే ఆర్కిటెక్చర్ శైలి కాదు, నిశ్చింత. ఊళ్ళో ఎవరి ఇంటి మీద ఏ కప్పు ఉందన్నది కులాన్నీ, ఆస్తినీ చెప్పే కాలంలో డాబా వేసుకోవడం తలెత్తుకోవడం కూడా. ఏసీ గదిలో కూర్చుని 'అయ్యో, తాటాకు ఇల్లు ఎంత చల్లనో' అనే హక్కు మనకి లేదు.

అలాగని మే నెల రాత్రి శ్లాబు కింద పడుకున్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పగలు తాగిన ఎండని శ్లాబు తెల్లవార్లూ కక్కుతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తీసుకొచ్చింది. దాని సారం మన తాతలకీ తెలుసు, కప్పుకి తెల్ల పూత వేయడం. సున్నం కొట్టినా పనిచేస్తుంది. డాబాని వదులుకోనక్కర్లేదు. దాని మీద తెలుపు, పడమటి గోడకి నీడ, కిటికీ మీద అరచెయ్యంత సజ్జాకి బదులు నిజమైన చూరు ఉంటే చాలా తేడా వస్తుంది. ప్రతి ఏడూ మే వస్తుందని తెలిసీ పేదవాళ్ళ ఇళ్ళ పథకాల్లో ఈ కాస్తా ఎందుకు మిగుల్చుకుంటామో అడగాల్సిన ప్రశ్న.

రెండో కొసన నా తోటి ఐటీవాళ్ళున్నారు. మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ళ వైపు ఫామ్‌హౌస్‌లు. కొన్ని నిలువెత్తు గాజు, వెనకాల ఏసీలు. ఇంకొన్ని ఫొటోల్లోంచి దించిన బావా ఇల్లు: అన్ని వైపులా తెరుపు, మధ్యలో నీళ్ళు. రెండోది చూడ్డానికి బాగుంటుంది. కానీ కొలంబో తడి ఊరు, మనది ఏప్రిల్, మే నెలల్లో పొడి ఊరు. అప్పుడు మధ్యాహ్నం అన్ని వైపులా తెరిచి ఉంచితే వచ్చేది వడగాలే. నియామేకీ బ్రాజవిల్‌కీ ఒకే ఇల్లు పంపినప్పుడు జరిగింది ఇదే. ఇక్కడికి మందపాటి గోడ, మూసుకోగల కిటికీ, వర్షాకాలంలో బార్లా తెరుచుకోగల తలుపు కావాలి. పక్కనే తాండూరు బండ ఉండగా ఇటలీ రాయి దేనికో ఎవరూ చెప్పరు.

ఈనా డిసిల్వా ఇంటి కథకి ఇంకో అంకం ఉంది. కొలంబోలో ఆ స్థలం పక్కనున్న ఆసుపత్రికి అమ్ముడుపోయింది. 2009లో ఇంటిని విప్పడం మొదలుపెట్టారు. రాయి, పెంకు, తలుపు, స్తంభం అన్నిటికీ నంబర్లు వేసి, లునుగంగకి చేర్చి, మళ్ళీ కట్టారు. 2016 దాకా పట్టింది. కదలడానికి పుట్టిన ప్రూవే ఇల్లు తన ఊళ్ళో పునాది మాత్రం వదిలి వెళ్ళిపోయింది. కదలకుండా ఉండటానికి కట్టిన ఇల్లు కదిలి కూడా బతికింది, ఎందుకంటే ఆ గోడ మళ్ళీ పెట్టగలిగిన తాపీ మేస్త్రులు, ఆ తలుపు మళ్ళీ బిగించగలిగిన వడ్రంగులు ఆ దేశంలో ఇంకా ఉన్నారు.

మన దగ్గర గానుగ సున్నం కలపగలిగినవాళ్ళు, గూన పెంకు పేర్చగలిగినవాళ్ళు ఎంతమంది మిగిలారు? ఉన్నవాళ్ళ పిల్లలు ఆ పని నేర్చుకోవాలంటే దానికి మనం ఇచ్చే కూలి ఎంత? పల్లెలో ఇల్లు కట్టుకుందామనుకునే స్నేహితులు డిజైన్ చూపించి ఎలా ఉందని అడుగుతుంటారు. ఆ బొమ్మ కన్నా ముందు చూడాల్సింది ఆ ఊరి మేస్త్రిని. అతను ఏం కట్టగలడో, ఎంత అడుగుతాడో, పదేళ్ళ తర్వాత కప్పు కారితే పిలవగానే వస్తాడో లేదో.